1:16లో పాత మాస్సీ 35 ట్రాక్టర్ మోడలు కడుతున్నా: టైర్లు, ఎరుపు రంగు, కయ్య మట్టి గురించి సలహా కావాలి

పెన్నాగట్టు, కోవూరు దగ్గర

అందరికీ నమస్కారం. మా తాత కొన్న మాస్సీ ఫెర్గూసన్ 35 ఇప్పటికీ ఇంటి వెనక రేకుల షెడ్డులోనే ఉంది. ఇంజను తిరగడం లేదు, వెనక టైర్లలో గాలి నిలవడం లేదు. అయినా బండి మొత్తం ఉంది, ఒక్క సామాను కూడా బయటికి పోలేదు. పాత ఇనుముకి ఇస్తారా అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. నాన్న ఇవ్వనంటున్నాడు, ఎన్నాళ్లంటాడో తెలీదు. బండి కళ్లముందు ఉండగానే కొలతలు తీసుకుని 1:16లో, అంటే అసలు బండిలో పదహారో వంతు సైజులో, దాని మోడలు చేత్తో కట్టాలని మొదలుపెట్టా.

షాపుల్లో దొరికే రెడీమేడ్ డైకాస్ట్ (అచ్చుపోసిన లోహపు) బండ్లు చూశా. బాగున్నాయి, కానీ అవి ఇంగ్లండు పొలాల బండ్లు. నాకు మా బండే కావాలి. ఎడమ మడ్‌గార్డుకి వెల్డింగ్ అతుకుంది, అదీ కనపడాలి.

తెలిసినంత వరకు వివరాలు రాస్తున్నా. ఈ 35 ఇంగ్లండులోని కోవెంట్రీలో 1956లో బూడిద రంగు రేకులు, బంగారు రంగు ఇంజనుతో వచ్చింది. 1957 చివర్లో ఎరుపైంది. ఫెర్గూసన్, మాస్సీ హారిస్ కంపెనీలు 1953లోనే కలిశాయి. మన పక్కన మద్రాసులో ట్రాక్టర్ల కంపెనీ టాఫే 1960లో మొదలైంది. వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 72 అంగుళాలు, అంటే 1829 మి.మీ. పదహారుతో భాగిస్తే 114.3 మి.మీ. మా బండికి ఇప్పుడు వెనక 12.4-28, ముందు 6.00-16 టైర్లున్నాయి. బాడీకి సన్‌బోర్డు (నురుగు ప్లాస్టిక్ అట్ట) వాడదామనుకుంటున్నా. టైర్లు ఎలా చేయాలి, ఎరుపు ఎలా వేయాలి, ఈ రెండూ చెప్పండి ముందు.

ఎర్రనేల, కనిగిరి

మంచి పని తమ్ముడూ. ఇంతకుముందు ఏదైనా కట్టావా? లేకపోతే ముందు ఒక కిట్ (విడి భాగాలుగా డబ్బాలో వచ్చే మోడలు) కట్టమంటా. ఫ్రెంచి కంపెనీ హెల్లర్ 1:24లో ఫెర్గూసన్ టీఈ 20 కిట్ చేసింది. నీ 35కి అది అన్న వరస. 1946 నుంచి 1956 దాకా కోవెంట్రీలోనే ఐదు లక్షలకు పైగా తయారైంది. ఆ కిట్ కడితే ఏ భాగం దేనికి తగులుకుంటుందో చేతికి తెలుస్తుంది. ఆ తర్వాత సన్‌బోర్డు కోస్తే ధైర్యంగా కోస్తావు.

ఇంకో మాట. 1:16 అంటే పెద్దది. బోల్టు తలకాయలు కూడా కనపడతాయి, వాటిని ఎగ్గొట్టడానికి వీలుండదు.

పెన్నాగట్టు

రెండు లారీలు, ఒక జీపు కట్టానన్నా, కిట్లే. కిట్ లేకుండా మొత్తం కట్టడం మాత్రం ఇదే మొదలు. బోల్టులు కనపడాలనే 1:16 ఎంచుకున్నా. నాన్నకి చూపు తగ్గింది, చిన్నదైతే ఆయనకి ఆనదు.

పాత పాన, బుచ్చిరెడ్డిపాళెం

నేను మోడళ్లు కట్టను, బండ్లు విప్పుతా. ఈ 35లు చాలా విప్పా కాబట్టి ఒక్క సంగతి చెప్తా. దీనికి లారీకున్నట్టు ఛాసిస్ లేదు. ఇంజను, గేరుబాక్సు, వెనక హౌసింగు ఒకదానికొకటి బోల్టులతో బిగిస్తే అదే వెన్నెముక. బానెట్టు, మడ్‌గార్డులు, సీటు అన్నీ దాని మీద కూర్చున్న రేకులే. అందుకని బానెట్టుతో మొదలుపెట్టొద్దు. అందరూ అదే చేస్తారు, ఎర్రగా అందంగా ఉంటుందని. ముందు ఆ మూడు దిమ్మలు కట్టి, వెనక ఇరుసు గొట్టాలు తగిలించి, 114 మి.మీ. దగ్గర ముందు ఇరుసు పెట్టు. అది సరిగ్గా కూర్చుంటే మిగతాదంతా దాని వెనకే వస్తుంది.

ముందు ఇరుసుని అతికించేయొద్దు. అసలు బండిలో అది మధ్యలో ఒక్క పిన్ను మీద ఊగుతుంది. ఒక చక్రం గెనిమ (పొలం గట్టు) ఎక్కితే ఇంకోటి కయ్యలోనే ఉంటుంది, బండి మాత్రం ఒరగదు. మోడల్లో కూడా పిన్ను పెట్టు. రేపు దాన్ని మట్టి బేసు మీద నిలబెట్టేటప్పుడు నాలుగు చక్రాలూ నేలకి ఆనాలంటే అదే దిక్కు.

ఇంజను ఏదో చూసుకో. తొలి డీజిల్ 35లకి స్టాండర్డ్ కంపెనీ నాలుగు సిలిండర్లది వచ్చేది. చలికి స్టార్టు కావడానికి మొండికేసేది. 1959 నుంచి పెర్కిన్స్ మూడు సిలిండర్లది వేశారు, రెండున్నర లీటర్లు. ఇంజెక్టర్ పైపులు లెక్కపెడితే తెలిసిపోతుంది, మూడా నాలుగా అని.

పెన్నాగట్టు

మూడే. ఇప్పుడే షెడ్డులోకి పోయి చూసొచ్చా. ఆ పైపులకి ఏం వాడమంటారు?

పాత పాన

ఫోను ఛార్జరు వైరు ఒలిస్తే లోపల సన్నటి రాగి తీగలు వస్తాయి. రెండు మూడు కలిపి పేని వంచు. రబ్బరు గొట్టాలకైతే వైరు పైతొడుగే చాలు. పైపు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో ఫోటో తీసుకుని అదే దారిలో పెట్టు. డీజిల్ ట్యాంకు నుంచి ఫిల్టరు, ఫిల్టరు నుంచి పంపు, పంపు నుంచి ఇంజెక్టర్లు. ఒక్క పైపు గాల్లో ఆగిపోయినా మా లాంటివాళ్ల కన్ను ముందు అక్కడికే పోతుంది.

పైపుల కొట్టు, ఒంగోలు

టైర్ల సంగతి నేను చెప్తా. రోజూ పీవీసీ పైపులు అమ్మేవాడిని కాబట్టి ఇది నా పని.

మన దగ్గర ఈ పైపుల సైజు అంటే బయటి వ్యాసం. 75 అంటే బయట 75 మి.మీ. నీ వెనక టైరు 12.4-28 బయటి వ్యాసం దాదాపు 1260 మి.మీ. ఉంటుంది. పదహారుతో భాగిస్తే 79కి కొంచెం తక్కువ. 75 పైపు ముక్క కోసి, చుట్టూ 2 మి.మీ. ఎత్తు గుబ్బలు అతికిస్తే 79. ఇంతకన్నా తేలిగ్గా కుదరదు. వెడల్పు 12.4 అంగుళాలు కదా, పదహారో వంతు 20 మి.మీ. దగ్గర వస్తుంది. రిమ్ము 28 అంగుళాలు, అంటే 44 మి.మీ. పైచిలుకు. 40 పైపుకి 2 మి.మీ. పట్టీ చుట్టూ చుడితే 44. ముందు రిమ్ము 16 అంగుళాలు, అది 25.4 అవుతుంది, 25 పైపు అలాగే వాడుకో. ముందు టైరు బయట 46 మి.మీ. దాకా రావాలి, దానికి సరిపడే పైపు లేదు. సన్‌బోర్డు బిళ్లలు ఒకదాని మీద ఒకటి అతికించి, డ్రిల్లుకి బిగించి తిప్పుతూ ఉప్పుకాగితంతో గుండ్రం చేయాలి. ముందు టైరుకి చుట్టూ మూడు ఉబ్బు పట్టీలుంటాయి, తిరిగేటప్పుడే పదునైన ముక్కతో వాటి మధ్య కాలువలు గీస్తే వస్తాయి.

పైపు అంచు నిటారుగా ఉంటుంది, టైరు భుజం మాత్రం గుండ్రంగా ఉంటుంది. పైపు రెండు పక్కలా ఎం-సీల్ పెట్టి వేలు తడిచేసుకుని వంపు తియ్. గుబ్బలు అతికించేది ఆ తర్వాతే.

గుబ్బల దిక్కు చూసుకో. బండి వెనక నిలబడి చూస్తే గుబ్బల మొన పైకి ఉండాలి. ముందుకి పోయేటప్పుడు ఆ మొన ముందు నేలని తాకి, మట్టి రెండు పక్కలకి జారిపోతుంది. కుడి ఎడమ గుబ్బలు ఎదురెదురుగా ఉండవు, ఒకటి విడిచి ఒకటి వస్తాయి. కుడి టైరు, ఎడమ టైరు విడివిడిగా చేసుకో. రెండూ ఒకే దిక్కుకి చేస్తే ఒకటి తలకిందులవుతుంది.

ఎర్రనేల

ఈ గుబ్బల దిక్కు తప్పుగా ఉన్న మోడళ్లు ప్రదర్శనల్లో కూడా చూశా. రైతు అయినవాడు దూరం నుంచే పట్టేస్తాడు.

గరిటెల పని, ఉదయగిరి

అన్నా, సీటు గురించి ఎవరూ అడగలేదు. ఆ కాలపు సీటు మెత్తది కాదు, రేకుని గిన్నెలా నొక్కిన సీటు. వాన నీళ్లు నిలవకుండా చిల్లులుంటాయి. సన్‌బోర్డుతో చేస్తే మందంగా వచ్చి దిమ్మలా కనపడుతుంది. అది రేకుతోనే చేయాలి.

కూల్‌డ్రింకు టిన్ను కత్తిరించు. దాని మందం 0.1 మి.మీ. దగ్గర ఉంటుంది, పదహారు రెట్లు చేస్తే ఒకటిన్నర మి.మీ., సరిగ్గా సీటు రేకంత. కానీ టిన్ను రేకు గట్టిది, నొక్కితే ముడతలు పడుతుంది. ఒక పక్క రంగు గీకేసి సబ్బు పూసి, రెండో పక్క నుంచి మంట దూరంగా చూపించు. సబ్బు గోధుమ రంగుకి తిరగ్గానే తీసెయ్, ఇంకాస్త ఉంచితే రేకు కరిగిపోతుంది. చల్లారాక కాగితంలా మెత్తబడుతుంది. దాన్ని మా ఊరి చెక్క గరిటె గుంటలో పెట్టి, ఇంకో చిన్న గరిటె వీపుతో మెల్లగా తిప్పుతూ నొక్కు. అసలు సీటు వెడల్పు కొలిచి పదహారో వంతుకి సరిపడే గరిటె చూసుకో, మా దగ్గర అన్ని సైజులూ దొరుకుతాయి. చెక్క గరిటె అయితే రేకు మీద గీతలు పడవు. ఇనప గరిటెతో చేస్తే ప్రతి గీతా రంగు కింద తేలుతుంది.

చిల్లులు సూదితో లోపలి వైపు నుంచి పొడిచి, బయటి వైపు ఉప్పుకాగితంతో సాపు చెయ్.

పెన్నాగట్టు

ఉదయగిరి గరిటెలు మా ఇంట్లోనే ఉన్నాయి! అమ్మని అడిగితే పాతది ఒకటి ఇచ్చింది. సీటు వచ్చింది. మొదటి రేకే సరిగ్గా కూర్చుంది. నాన్నకి చేతిలో పెడితే వేలితో చిల్లులు తడిమి చూసి, ‘వెనక వరస ఇంకొంచెం పైకి ఉంటది’ అన్నాడు. పోయి కొలిస్తే నిజమే, సరిచేశా.

దిమ్మలు మూడూ అయిపోయాయి, ఇరుసు పిన్ను మీద ఊగుతోంది. ఇక రంగు. కొట్టులో ఎన్‌సీ (బండ్లకి కొట్టే నైట్రోసెల్యులోజ్ రంగు) రెడ్డు తీసుకోమంటున్నారు. తీసుకోనా?

రంగుల షెడ్డు, కావలి

ఆగు తమ్ముడూ. ఎన్‌సీ మంచిదే, బండ్లకి రోజూ అదే కొడతాం. కానీ దాని థిన్నరు సన్‌బోర్డుని, పీవీసీని మెత్తబరుస్తుంది. తడిగా కొడితే అంచులు వాలిపోతాయి. ముందు సర్ఫేసరు (రంగు కింద వేసే అడుగు కోటు) స్ప్రే డబ్బా తీసుకుని, దూరం నుంచి పొడిపొడిగా, సన్నటి పొరలు వెయ్. ఒక్కో పొర ఆరనివ్వు. మూడు నాలుగు పొరలయ్యాక అదే కవచమవుతుంది. 800 వాటర్ పేపరుతో నీళ్లు పెట్టి రుద్దు, గీతలు, గుంటలు అప్పుడే బయటపడతాయి.

రెండోది వాతావరణం. మన నెల్లూరు వైపు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ తేమలో ఎన్‌సీ కొడితే తెల్లబారుతుంది. థిన్నరు ఎగిరిపోతూ పైపొరని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద పట్టి పొగమంచులా ఉండిపోతుంది. ఎండ వచ్చే దాకా ఆగడం మేలు, తప్పకపోతే రిటార్డరు (రంగు నిదానంగా ఆరేలా చేసే ద్రవం) కలపాలి. తొందరపడితే చేసిన పనంతా పోతుంది, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా.

మూడోది ఎరుపు. ఎరుపుకి కప్పే గుణం తక్కువ. బూడిద సర్ఫేసరు మీద నేరుగా కొడితే ఎన్ని కోట్లు వేసినా మురిగ్గా కనపడుతుంది. మధ్యలో తెలుపో లేత గులాబీనో ఒక కోటు వెయ్, ఎరుపు దాని మీద వెలుగుతుంది. ఇంజను, గేరుబాక్సు మాత్రం ముదురు బూడిద, వాటికి ఈ బాధ లేదు.

మెరుపు కూడా తగ్గించుకో. పెద్ద బండికి అద్దంలా మెరిసే రంగు చిన్న మోడలు మీద బొమ్మలా కనపడుతుంది. సగం మెరుపు క్లియరు (రంగులేని వార్నీషు) చాలు.

ఎర్రనేల

రంగుల షెడ్డు అన్నతో ఒకచోట విభేదిస్తా. తమ్ముడికి రంగు లేచిపోయిన బండి కావాలంటే పైన ఎన్‌సీ ఎరుపు పనికిరాదు. సర్ఫేసరు మీద ముందు తుప్పు గోధుమ రంగు వేసి, క్లియరు కొట్టి ఆరనివ్వాలి. దాని మీద హెయిర్ స్ప్రే. ఆ పైన నీళ్లతో కలిపే అక్రిలిక్ ఎరుపు. అరగంట అయ్యాక తడి బ్రష్షుతో రుద్దితే కింద హెయిర్ స్ప్రే కరిగి ఎరుపు పెచ్చులుగా లేస్తుంది, తుప్పు కనపడుతుంది. ఎన్‌సీ అయితే నీటికి లొంగదు. ఈ పద్ధతిలో గులాబీ కోటు కూడా వద్దు, పెచ్చు కింద గులాబీ కనపడితే ఏం బాగుంటుంది?

రంగుల షెడ్డు

అది నిజమే, ఒప్పుకుంటా. కానీ నాకో ప్రశ్న. పాతబడిన బండినే ఎందుకు చేయాలి? కొత్తగా ఇంటికొచ్చిన రోజు ఎలా ఉందో అలా చేయొచ్చు కదా. తాతగారు పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించిన బండి అది.

పాత పాన

నేను ఒప్పుకోను. పనిచేసిన బండిని పనిచేసినట్టే చూపించాలి. మోడళ్లు కట్టేవాళ్లు చేసేదేంటంటే, తుప్పు ఎక్కడ పడితే అక్కడ పూస్తారు. బండి అలా పాతబడదు. క్లచ్ పెడలు మీద తుప్పుండదు, కాలు అరగదీసి తళతళలాడుతుంది. మడ్‌గార్డు మీద మనిషి కూర్చునే చోట రంగు పోయి రేకు నున్నగా ఉంటుంది. బానెట్టు పైభాగం ఎండకి పాలిపోయి సుద్దలా ఉంటుంది, పక్కలు అంత పాలిపోవు, మడ్‌గార్డు లోపలివైపు ఎరుపు మాత్రం ఎప్పటికీ అలాగే. సైలెన్సరు అంతా తుప్పే, మూతి దగ్గర మసి. డీజిల్ పోసేచోట చుట్టూ తడి మరక, దాని మీద దుమ్ము పట్టి నల్లగా. గొర్రు వెనక తగిలిస్తే దాని కర్రులు మట్టికి రాసుకుని వెండిలా ఉంటాయి, పై భాగం తుప్పు.

వెనక టాప్ లింకు (మడకని పైన పట్టుకునే కడ్డీ) మర్చిపోవద్దు. ఫెర్గూసన్ బండి గొప్పతనమంతా అక్కడే. మడక లోతుకి దిగితే నేల బరువుకి టాప్ లింకు ముందుకి నెడుతుంది, ఆ తోపుడు స్ప్రింగుకి తగిలి హైడ్రాలిక్ తనంతట తానే మడకని కొంచెం లేపుతుంది. సీటుకి కుడిపక్క రెండు లివర్లుంటాయి, ఒకటి దీనికి, ఇంకోటి ఎంత ఎత్తులో నిలబెట్టాలో దానికి. రెండూ పెట్టు. ఒకటే పెడితే అది 35 కాదు.

పలక, మార్కాపురం

చదువుతూ ఉన్నా, ఇప్పుడు రాస్తున్నా. రంగు ఏదైనా నంబరు ప్లేటు ఆ కాలానిది పెట్టండి. ఇప్పుడున్న తెల్ల పలక మీద నల్ల అక్షరాలు 2000 తర్వాత వచ్చినవి. అంతకుముందు సొంత బండ్లకి నల్ల పలక మీద తెల్ల అక్షరాలు, పెయింటరు చేత్తో రాసినవి. నెల్లూరుకి ఏపీ 26, మాకు ఏపీ 27 అని ఇచ్చిన పద్ధతి కూడా 1988 మోటారు వాహనాల చట్టం 1989లో అమలయ్యాక వచ్చిందే. తాతగారి బండి అంతకన్నా పాతది కాబట్టి ఆర్సీ బుక్కులో పాత అక్షరాల నంబరే ఉంటుంది. ట్రక్కు (వెనక తగిలించే ట్రెయిలరు) కూడా చేస్తే దానికి వేరే నంబరు, మర్చిపోకండి.

ఇంట్లో ప్రింటరుతో డెకాల్ (నీళ్లలో నానబెట్టి అతికించే స్టిక్కరు) తీసేవాళ్లకి ఒక మాట. ప్రింటరు తెలుపు వేయదు. తెల్ల అక్షరాలు కావాలంటే తెల్ల డెకాల్ కాగితం మీద నలుపుని ప్రింట్ చేసి అక్షరాలు ఖాళీగా వదలాలి. ఇంకుజెట్ అయితే నీళ్లలో ముంచేముందు క్లియరు కొట్టాలి, లేకపోతే సిరా కరుగుతుంది.

పెన్నాగట్టు

ఆర్సీ బుక్కు బీరువాలో దొరికింది. నంబరు పాతదే. డెకాల్ కాకుండా సన్న బ్రష్షుతో చేత్తోనే రాద్దామనుకుంటున్నా, అసలుది కూడా చేత్తో రాసిందే కదా.

కొత్తదా పాతదా అన్నది నాన్ననే అడిగా. ఆయన ఏమన్నాడంటే, ‘కొత్త బండిని నేను నడపలా, మీ తాత ముట్టుకోనీలా. నేను నడిపిన బండిని చెయ్’ అని. కాబట్టి ఎర్రనేల అన్న చెప్పిన పద్ధతే. దమ్ము నుంచి వచ్చి షెడ్డులో నిలబెట్టిన రోజు ఎలా ఉంటుందో అలా. ఇప్పుడు మట్టి గురించి చెప్పండి.

ఎర్రనేల

మా కనిగిరి మట్టి ఎరుపు, మీ డెల్టా మట్టి వేరు. మీ కయ్యలోదే తీసుకో. కొన్న పిగ్మెంట్లతో (రంగు పొడులతో) మట్టి చేసినవాళ్లవన్నీ ఒకే రంగులో ఉంటాయి, ఎక్కడి బండో చెప్పలేం. మట్టిని బాగా ఎండబెట్టి, దంచి, పలచటి గుడ్డలో జల్లించు. 1:16లో చిన్న రవ్వ కూడా గులకరాయంత కనపడుతుంది. ఫెవికాల్, నీళ్లు, జల్లించిన మట్టి కలిపి పాత టూత్ బ్రష్షుతో వెనక చక్రాల నుంచి మడ్‌గార్డు లోపలికి చిమ్ము. ఫెవికాల్ ఆరాక మట్టి ముదురుగా అవుతుంది, అందుకే పైన అదే మట్టి పొడిగా చల్లి దులపాలి.

పాత పాన

దమ్ము మట్టి ఎండితే పాలిపోయి బూడిదగా అవుతుంది. తడి ఉన్నచోట నల్లగా, ఎండినచోట తెల్లగా, రెండూ ఉండాలి. ఇరుసు కింద, ఫుట్‌రెస్టు కింద గడ్డలు వేలాడాలి. దమ్ము చేసిన బండి అంటున్నావు కాబట్టి వెనక ఇనప దమ్ము చక్రాలు పెడతావా, టైర్లేనా?

పెన్నాగట్టు

టైర్లే. దమ్ము చక్రాలు విప్పి పక్కన గోడకి ఆనించి పెడతా. వాటిని 2 మి.మీ. జీఐ తీగతో వంచి అతుకు పెట్టించాలి.

పైపుల కొట్టు

బేసు మీద టైరు జాడలు వేస్తే ఒకటి గుర్తుపెట్టుకో. నేల మీద అచ్చు మొన బండి వచ్చిన దిక్కుకి ఉంటుంది, పోయే దిక్కుకి కాదు. మొన ముందు నేలని తాకుతుంది కాబట్టి. నువ్వు చేసిన చక్రాన్నే పచ్చి మట్టి మీద ముందుకి దొర్లిస్తే అదే సరిగ్గా పడుతుంది, చేత్తో గీయొద్దు.

గరిటెల పని

నీ సీటు కొలతలు, చిల్లుల వరసలు కాగితం మీద గీసి ఇక్కడ పెట్టు అన్నా. మా మేనమామ దగ్గర కూడా 35 ఉంది, నేనూ మొదలుపెడతా.

పెన్నాగట్టు

సీటు, బానెట్టు, మడ్‌గార్డుల గీతలు స్కాన్ చేసి రేపు పెడతా. ప్రతి కాగితం అడుగున 100 మి.మీ. గీత ఉంటుంది. ప్రింట్ తీశాక ముందు దాన్ని స్కేలుతో కొలవండి, తేడా ఉంటే ప్రింటరులో సైజు సరిచేసుకోండి. ఎడమ మడ్‌గార్డు అతుకు మా బండిది, మీరు దాన్ని వదిలేయొచ్చు.